కన్నా, వాడు ఇంటికి వస్తున్నాడు: ఒక కొత్త నాటక రచయితకు ఉత్తరం

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ రాతప్రతి అంది పది రోజులైంది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క బిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకొని. జవాబు ఆలస్యం కావడానికి నా బద్ధకం ఒక్కటే కారణం కాదు. నీ నాటకం చదువుతుంటే మరో నాటకం గుర్తొచ్చింది. దాన్ని అటక మీది నుంచి దింపి, దుమ్ము దులిపి, మళ్లీ మొదటి నుంచి చదివాను. అందుకే ఈ ఉత్తరంలో నీ నాటకం గురించి కొంత, ఆ నాటకం గురించి చాలా ఉంటుంది. ఓపిక పట్టు.

ముందు నీకు రుచించని మాట చెప్పేస్తాను. నీ తల్లి పాత్ర మూడో రంగంలో చనిపోతుంది గానీ, ఆమెలో ప్రాణం మొదటి రంగం నుంచే లేదు. “నా కుమారుడి రాక కోసం ఎన్నేళ్లుగానో నిరీక్షిస్తున్నాను” అంటుంది. ఏ ఊళ్లో ఏ తల్లి అలా అంటుంది? మీ అమ్మ అంటుందా? అదే నాటకంలో ఆటో నడిపే మనిషికి మాత్రం మీ ఊరి యాస పెట్టావు. అతను నోరు విప్పినప్పుడల్లా జనం నవ్వాలని నీ లెక్క. నవ్వుతారు కూడా. ఇక అమెరికాలో ఇంజనీరుగా స్థిరపడిన కొడుకు, తల్లి మాట్లాడే పుస్తకాల భాషే మాట్లాడతాడు. పదిహేనేళ్లు ఊరి ముఖం చూడనివాడికీ, అరుగు మీద కూర్చొని దారి చూసిన మనిషికీ మాటలో తేడా లేకపోతే, ఆ పదిహేనేళ్లను వేదిక మీద దేనితో చూపిస్తావు? విమానం చప్పుడు రికార్డు వేసా? (వేశావు, రెండో రంగం మొదట్లో. తీసెయ్.)

నాకు గుర్తొచ్చిన నాటకం దక్షిణాఫ్రికాది. ఆఫ్రికాన్స్ అనే అక్కడి భాషలో ఆడమ్ స్మాల్ రాశాడు, 1965లో పుస్తకంగా వచ్చింది. పేరు ‘కన్నా హేయ్ కో హేస్‌టూ’. నాకు ఆఫ్రికాన్స్ రాదు. ఆంగ్లానువాదం ఎదురుగా, మూలం పక్కన పెట్టుకొని, వేలు పెట్టి వెతుక్కుంటూ చదివినవాణ్ని. ఆ పేరులోని మొదటి మాట చూడగానే మన చెవి మనల్ని మోసం చేస్తుంది. తల్లి బిడ్డను పిలిచే ‘కన్నా’ అనుకుంటాం. నేనూ అలాగే అనుకొని అట్ట తెరిచాను. అది అక్కడి కుర్రవాడి పేరు. కేప్ ప్రాంతపు పొడి నేలల్లో ఆ పేరుతో ఒక మొక్క కూడా ఉంది, దాన్ని అక్కడివాళ్లు నమిలేవారట. ఏదైనా, ఆ పొరపాటు నాకు మేలే చేసింది. నాటకమంతా ఒక తల్లి పిలుపుగానే చదువుకున్నాను, అది తప్పు దారేమీ కాదు.

కథ క్లుప్తంగా చెబుతాను. కేప్‌టౌన్ బీద పేటలో మాకీట్ అనే తల్లి ఉంది. నడవలేదు, చక్రాల కుర్చీలోనే బతుకు. ఆమె పెంచుకున్న పిల్లవాడు కన్నా, చురుకైనవాడు. ఇంటిల్లిపాదీ కడుపు మాడ్చుకొని వాణ్ని చదివిస్తారు. వాడు విదేశానికి వెళ్లి ఇంజనీరవుతాడు. తిరిగొచ్చి అందరినీ ఒడ్డున పడేస్తాడని ఇంట్లో ఆశ. రాడు. ఈలోపు ఆ ఇల్లు ఒక్కొక్క గోడే కూలుతుంది. కూతురు కీటీ దుండగుల అత్యాచారానికి గురవుతుంది. తర్వాత ఆమెను కట్టుకున్న పూనా ఆమె ఒంటిని అమ్మి బతుకుతాడు. మాకీట్ కొడుకు డీకీ ఆ పూనాను చంపి ఉరికంబం ఎక్కుతాడు. కన్నా చివరికి వస్తాడు, మాకీట్‌ను పాతిపెట్టే వేళకు.

చూశావా, కథ నీదే. నువ్వు దొంగిలించావనడం లేదు. ఈ కథ ఎవరి సొత్తూ కాదు. చదువుకున్న కొడుకును దూరదేశానికి పంపిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పాలు ఉంటుంది. మన ఊళ్లలో అయితే వీధికి నాలుగు. అందుకే కథ బాగుందని నిన్ను మెచ్చుకోలేను. కథ అందరి దగ్గరా ఉంది. ఆడమ్ స్మాల్ దాన్ని ఎలా పలికించాడో చూడు.

పేరు దగ్గరే ఆగుదాం. బడిలో నేర్పే ఆఫ్రికాన్స్‌లో ‘వస్తాడు’ అనడానికి ‘కొమ్’ అంటారు. పేటలో ఆ చివరి మకారం రాలిపోయి, అచ్చు సాగి, ‘కో’ అయింది. ఇంటికి బడిలో రాసే మాట ‘హేయస్’ లాగా పెదవులు గుండ్రంగా చుట్టి పలకాలి. పేటలో పెదవులు చుట్టే తీరిక లేదు, ‘హేస్’ అయిపోయింది. వీటికంటే నాకు నచ్చింది ‘హేయ్’. అంటే ‘వాడు’. వ్యాకరణం ప్రకారం అక్కడ దాని అవసరం లేదు. ‘కన్నా ఇంటికి వస్తున్నాడు’ అంటే సరిపోతుంది. ‘కన్నా, వాడు ఇంటికి వస్తున్నాడు’ అన్నప్పుడు ఏమవుతుందో ఒకసారి పైకి అని చూడు. పేరు తలచుకొని, ఒక్క క్షణం ఆగి, మనిషిని కళ్ల ముందుకు తెచ్చుకొని, అప్పుడు వార్త చెప్పినట్టు ఉంటుంది. పక్కింటి గోడ మీదుగా చెప్పే మాట అది. నాలుగు చిన్న మాటల్లో మనిషి, పేట, ఎదురుచూపు అన్నీ ఉన్నాయి. నీ ‘నిరీక్షిస్తున్నాను’లో ఏముందో నువ్వే చెప్పు.

ఆ పేట భాషను కాప్స్ అంటారు, కేప్ భాష అని. దాని వెనకాల పెద్ద కథ ఉంది, కొంచెం పక్కకు వెళతాను. ఆఫ్రికాన్స్ అంటే తెల్లవాళ్ల భాష అనుకుంటాం. అది డచ్చి భాష నుంచి పుట్టిన మాట నిజమే గానీ, పుట్టిన చోటు తెల్ల దొరల హాలు ఒక్కటే కాదు, వంటిల్లు కూడా. అక్కడ పనిచేసినవాళ్లలో ఆ నేలకు చెందిన ఖోయ్ జనం ఉన్నారు, ఇండోనేసియా నుంచి, మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, మన దేశం నుంచి తెచ్చిన బానిసలు ఉన్నారు. ‘చాలా’ అనడానికి ఈ రోజుకీ ఆఫ్రికాన్స్‌లో వాడే ‘బాయా’ అనే మాట మలయ్ భాషలోని ‘బన్యాక్’. కేప్‌టౌన్ ముస్లింలు ఈ భాషను అరబ్బీ లిపిలో రాసుకున్నారు. అలా రాసిన ధర్మగ్రంథం ఒకటి 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. ఇంకో మాట. మచిలీపట్నంలో, పులికాట్‌లో, భీమిలిలో డచ్చి వర్తకులకు కొఠీలు ఉండేవని నీకు తెలుసు. కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో కేప్‌కు చేరిన బానిసల పేర్ల చివర ఈ తీరం పేరు తగిలించి దస్తావేజుల్లో రాసేవారు. మాకీట్ మాట్లాడే భాషను పుట్టించిన నోళ్లలో మన కోస్తా నోళ్లు కొన్ని లేవని ఎవరనగలరు?

ఆ వంటింటి భాషను తెల్లవాళ్లు తర్వాత సొంతం చేసుకొని, దిద్ది, వ్యాకరణం రాసి, 1925లో అధికార భాషను చేశారు. అసలు మాట్లాడిన పేట జనాన్ని మాత్రం ‘కలర్డ్’, అంటే మిశ్రమ సంతతివాళ్లు, అని వేరే గడిలో పెట్టి, వాళ్ల మాటతీరును హాస్యానికి వాడుకున్నారు. పత్రికల్లో, నాటకాల్లో కాప్స్ మాట్లాడే పాత్ర వచ్చిందంటే నవ్వించడానికే. నీ ఆటో మనిషి లాగే. ఆడమ్ స్మాల్ దీని మీద ఒకచోట మండిపడ్డాడు. కాప్స్ అనేది తమాషా కాదు, వింతా కాదు, భాష అన్నాడు. దాన్ని మాట్లాడేవాళ్లు పుట్టగానే పెట్టే ఏడుపు అందులోనే, బతుకులోని లావాదేవీలన్నీ అందులోనే, పోయేటప్పటి గురక కూడా అందులోనే అన్నది ఆయన వాదం. ఆయన అలా రాసింది ఒక కవితా సంపుటి ముందు మాటలో. నాటకంలో వాదించలేదు, చేసి చూపించాడు. గొప్ప దుఃఖమంతా కాప్స్‌కు ఇచ్చేశాడు. ప్రార్థన, శోకం, ఉరిశిక్ష, తల్లి జ్ఞాపకాలు అన్నీ అందులోనే. మరి బడి భాష ఎవరికిచ్చాడు? కన్నాకు. వెళ్లిపోయినవాడు దిద్దిన ఆఫ్రికాన్స్ మాట్లాడతాడు. ఇంటివాళ్లు వాణ్ని పిలుస్తారు, వాడు బదులు పలుకుతాడు, రెండు భాషలూ పక్కపక్కనే నిలబడతాయి, అతకవు. విమానం చప్పుడు అక్కర్లేదు.

వాడుక భాష గొడవ మనకు కొత్త కాదు. గిడుగు పేరు, గురజాడ పేరు చెప్పి నీకు విసుగు తెప్పించను. మన పరిషత్తు నాటికల్లో యాసను ఈ రోజుకీ ఎవరి నోట పెడుతున్నామో లెక్క వేసుకో, చాలు. పనిమనిషి, తాగుబోతు, కానిస్టేబులు. ఇంటి పెద్ద మాత్రం వార్తలు చదువుతాడు.

ఇక్కడ నా సిగ్గు ఒకటి చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ల కిందటి మాట. ఒక నాటిక రాశాను. అందులో ముసలమ్మ కొడుకు శవం ముందు కూర్చొని మా వైపు మాటలో ఏడుస్తుంది. ఒక పరిషత్తులో ప్రదర్శన. నేను వెనక వరసలో కూర్చున్నాను. ముసలమ్మ వేసిన నటి మంచిదే, కానీ అంతకుముందు మూడు నాటికల్లో ఆ యాసకు జనం నవ్వి ఉన్నారు. ఆమె మొదటి మాట అనగానే హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పాకింది. ఆమె బెదిరిపోయి, తర్వాతి మాట నుంచి పుస్తక భాషలోకి జారుకుంది. జనం సద్దుమణిగారు. బహుమతి కూడా వచ్చింది. ఇంటికి వచ్చి నేను చేసిన పని ఏమిటో తెలుసా? రాతప్రతిలోనే మార్చేశాను. తర్వాత ఆడిన ప్రతి ప్రదర్శనలోనూ ఆ ముసలమ్మ శుభ్రమైన తెలుగులో ఏడ్చింది. నటి ఒక్క రాత్రి భయపడింది, నేను ముప్పై ఏళ్లు భయపడ్డాను. నువ్వు తిట్టుకుంటావేమోనని తెలిసీ ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

‘కన్నా’ నాటకం ఎక్కడెక్కడ ఆడిందన్నది మరో కథ. నీ ఉత్తరం చివర “ఏ నాటక సమాజమూ తీసుకోకపోతే ఏం చేయాలి మాస్టారూ” అని అడిగావు కదా, దానికి జవాబు ఇందులో ఉండవచ్చు.

పుస్తకం వచ్చిన 1965లోనే అక్కడి ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. పర్మిట్ లేకుండా వేర్వేరు జాతుల నటులు ఒకే వేదిక మీద నటించరాదు, వేర్వేరు జాతుల ప్రేక్షకులు ఒకే హాల్లో కలిసి కూర్చోరాదు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 11న కేప్‌టౌన్ నడిబొడ్డున ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను, జాతికో పేట అని విడదీసే చట్టం కింద, తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించారు. మాకీట్ లాంటి వేలమంది తల్లులు ఉన్న పేట. తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని ఊరవతల ఇసుక మైదానాలకు తరలించి, ఇళ్లను బుల్‌డోజర్లతో నేలమట్టం చేశారు. (అదే చట్టం కింద డర్బన్‌లో భారతీయుల పేటలూ ఖాళీ అయ్యాయి. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల మనవల ఇళ్లు కూడా అందులో ఉన్నాయి.) ఇంటికి వస్తున్నాడని పేరు పెట్టిన నాటకం అచ్చయిన మరుసటి ఏడాదే, రావడానికి అసలు ఇల్లు లేకుండా పోయింది. రచయిత దాన్ని ముందే పసిగట్టాడని నేను కథలల్లను. ఆయన కళ్ల ముందు ఉన్నది రాశాడు, చరిత్ర వచ్చి దానికి ఇంకో అర్థం తొడిగింది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి అది పుస్తకంగానే ఉండిపోయింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే పెద్ద నాటక మండళ్లు తెల్లవాళ్లవి, వాటిలో నటులు తెల్లవాళ్లు. పాత్రలు కలర్డ్ జనం. ఎవరు ఆడాలి? 1970ల మొదటి ఏళ్లలో వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం విద్యార్థులు వేశారు. అది కలర్డ్ విద్యార్థుల కోసమని ప్రభుత్వం వేరుగా కట్టిన కళాశాల. స్మాల్ అక్కడే తత్వశాస్త్రం చెప్పేవాడు, విద్యార్థుల అలజడి నడిచిన 1973లో రాజీనామా చేశాడు. ఆ దశకంలోనే ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ మండలి కూడా నాటకాన్ని వేదిక ఎక్కించింది. మాకీట్‌నూ కీటీనీ తెల్ల నటులు వేశారు. రచయిత పనిచేసే కేప్‌టౌన్‌లో 1971లో నికో మలాన్ అనే పెద్ద నాటకశాల తెరిచారు. తెల్లవాళ్లకు మాత్రమే. 1975 వరకూ స్మాల్ లాంటివాళ్లకు అందులో సీటు లేదు. డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి దానికి పెద్ద దూరమేమీ లేదు, నడిచి వెళ్లవచ్చు.

కలర్డ్ మనిషి రాసిన నాటకం, కలర్డ్ జనం భాషలో, తెల్ల నటుల నోట, తెల్ల ప్రేక్షకుల ముందు. ఆ ప్రేక్షకులు కళ్లు తుడుచుకొని మెచ్చుకొని ఉంటారు, ఇంటికి వెళ్లి మర్నాడు అదే చట్టాలకు ఓటు వేసి ఉంటారు. ఇది నా ఊహ, చరిత్రగా తీసుకోకు. కానీ నాటకం లోకాన్ని మారుస్తుందని నీ ముందుమాటలో రాసిన వాక్యం కింద నేను ఎర్రగీత ఎందుకు గీశానో దీన్నిబట్టి అర్థం చేసుకో. అసలు నాటకానికి ముందుమాట ఎందుకు?

ఆయన మీద రెండో వైపు నుంచి కూడా రాళ్లు పడ్డాయి. పీడించేవాడి భాషలో రాస్తావా అని సొంతవాళ్లే అడిగారు. 1976 జూన్ 16న సొవెటోలో పిల్లలు వీధుల్లోకి వచ్చింది ఆఫ్రికాన్స్‌లో పాఠాలు మాకొద్దని, పోలీసులు వాళ్ల మీద కాల్పులు జరిపారు. ఆ తర్వాత ఆఫ్రికాన్స్‌లో నాటకం రాయడమంటే ఎంత బరువో ఆలోచించు. స్మాల్ ఒక నాటకం ఆంగ్లంలో రాశాడు, మళ్లీ 1983లో కాప్స్‌కే తిరిగొచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు కొత్త పుస్తకం రాలేదు. ఆఫ్రికాన్స్ సాహిత్యంలో పెద్దదైన హెర్ట్జోగ్ బహుమతి ఆయనకు 2012లో వచ్చింది, నాటకాలకు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు, ‘కన్నా’ అచ్చయి 47 ఏళ్లు. గత మూడేళ్లలో వచ్చిన పుస్తకాలకే ఇవ్వాలన్న నిబంధన అడ్డొస్తే దాన్ని సడలించి ఇచ్చారు. నాలుగేళ్లకు, 2016 జూన్‌లో ఆయన పోయాడు. ఈలోపు ‘కన్నా’ను బడుల్లో పాఠ్యపుస్తకంగా పిల్లలు చదివారు, ఎన్నో సమాజాలు ఆడాయి. తెల్లవాళ్లకు మాత్రమే తెరిచిన ఆ నికో మలాన్ నాటకశాల పేరు కూడా ఇప్పుడు ఆర్ట్‌స్కేప్.

కాబట్టి నీ నాటకాన్ని ఈ ఏడాది ఏ సమాజమూ తీసుకోకపోతే దిగులు పడకు అని అనబోయాను. అనను. దిగులు పడు, పడక తప్పదు. కాకపోతే సమాజాలకు నచ్చేలా తల్లి నోటిని దిద్దడం మొదలుపెట్టకు. అది నేను చేసి చూశాను.

నాటక నిర్మాణం గురించి కూడా ఒక మాట. నీ రాతప్రతిలో సెట్టు వివరాలే పేజీన్నర ఉన్నాయి. ఎడమవైపు దేవుడి పటాలు, కుడివైపు ఫ్రిజ్, దాని మీద అమెరికా నుంచి వచ్చిన బొమ్మ. స్మాల్ నాటకంలో వేదిక దాదాపు ఖాళీ. వెలుగు ఎక్కడ పడితే అక్కడే వంటిల్లు, అక్కడే వీధి, అక్కడే కోర్టు. కాలం వరసగా నడవదు. చచ్చిపోయిన మాకీట్ మాట్లాడుతూనే ఉంటుంది. ఉరి పడినవాడు ఇంకా బతికి ఉన్న రోజు, కన్నా తిరిగొచ్చిన రోజు పక్కపక్కనే వస్తాయి. మరణం మొదట్లోనే తెలిసిపోతుంది గనక, ప్రేక్షకుడు ‘ఏమవుతుంది’ అని చూడడు, ‘ఇలా ఎలా అయింది’ అని చూస్తాడు. నువ్వేమో తల్లి చావును మూడో రంగం దాకా దాచిపెట్టి ఫోను మోగించావు. ఆ ఫోను మోగుతుందని మొదటి రంగంలోనే అందరికీ తెలుసు తమ్ముడూ, మన ప్రేక్షకులు ఇంట్లో అలాంటి ఫోన్లు ఎత్తినవాళ్లు.

చివరిగా కొడుకు సంగతి. నీ కొడుకు ఆఖరి రంగంలో తల్లి ఫొటో ముందు కూలబడి రెండు పేజీలు పశ్చాత్తాపపడతాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లతో అందరి అప్పూ తీరిపోతుంది, కొడుకుది, ప్రేక్షకులది, నీది. కన్నా అలా చేయడు. స్మాల్ అతణ్ని దుర్మార్గుణ్నీ చేయలేదు. అతను వచ్చి, ఇంటివాళ్ల చుట్టూ తిరిగి, విని, జ్ఞాపకం చేసుకొని, బయటివాడిగానే మిగులుతాడు. తిరిగి వెళతాడని మనకు తెలుస్తుంది. చదివినప్పుడు నాకు అతని మీద కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు మా పెద్దవాడు గుర్తొచ్చాడు. మూడోసారి, మా నాన్న పోయినప్పుడు రెండో రోజు రైలెక్కి వెళ్లిన నేను గుర్తొచ్చాను.

ఇప్పుడు చేయవలసిన పని. రెండో రంగం ఒక్కటే తీసుకో. తల్లి మాటలన్నీ మీ అమ్మ దగ్గర కూర్చొని రాయి. ఆమెకు చదివి వినిపించకు, ఆమె సర్దుకొని మాట్లాడుతుంది. ఆమె పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు విను. ఆటో మనిషి చేత ఒక్క నవ్వూ నవ్వించకుండా ఒక దుఃఖం మోయించు. కొడుకు మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచు, అవి ఇప్పుడు వాటంతట అవే పనిచేస్తాయి. కంప్యూటర్‌లో శుభ్రప్రతి తీయవద్దు, కొట్టివేతలతో సహా చేతిరాతే పంపు. నువ్వు ఏ మాట కొట్టేశావో నాకు చూడాలని ఉంది.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ
మాస్టారు